కువైట్‌లో ఓబులమ్మ శుక్రవారం

కువైట్ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా వీధిలో అందరిదీ ఒకటే ప్రశ్న, బంగారం ఎంత తెచ్చావని. ఏమీ తేలేదంటే నమ్మరు. నేను వెళ్ళింది కొనడానికి కాదు, మార్కులు వేయడానికి అంటే అసలే నమ్మరు. యాభై రెండేళ్ళ మనిషికి విమానం టిక్కెట్టు కొనిచ్చి మార్కులు వేయించుకునే వెర్రివాళ్ళు ఎవరమ్మా అని నవ్వుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు కాబట్టి ఆ ఆరు రోజుల సంగతి రాసేస్తున్నాను.

కాకినాడలో మాదొక చిన్న ట్రస్టు. సేవాసంఘాలు తమ వాలంటీర్లను ఎలా చేర్చుకుంటున్నాయి, వాళ్ళకి పని ఎలా నేర్పుతున్నాయి, ఎలా చూసుకుంటున్నాయి అని పరిశీలించి, సవ్యంగా ఉంటే నాణ్యతా ప్రమాణ పత్రం ఇస్తాం. దానికి ఏడు ఫారాలున్నాయి. ఏడింటినీ తెలుగులో తయారుచేసింది నేనే. ఆ మాట సందు దొరికినప్పుడల్లా చెప్పుకునేదాన్ని, ఇప్పుడు చెప్పుకోవడం లేదు.

కువైట్‌లో మనవాళ్ళ సంఘం ఒకటి ఉంది. పేరు రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. మనుషుల పేర్లు కూడా మార్చాను. ఆసుపత్రిలో పడి, భాష రాక, పక్కన మనిషి లేక ఉన్న తెలుగువాళ్ళ దగ్గరికి శుక్రవారం శుక్రవారం వెళ్ళి కూర్చోవడం వాళ్ళ పని. వచ్చే నెల నుంచి ప్రమాణ పత్రం ఉన్న సంఘాల మనుషులనే వార్డుల్లోకి రానిస్తామని ఆసుపత్రివాళ్ళు తేల్చి చెప్పారు. పత్రం రాకపోతే ఆ పని ఆగిపోతుంది. అందుకని నన్ను పిలిపించుకున్నారు.

విమానంలో

నా పక్క సీటులో రాయచోటి వైపు మనిషి. సెలవు మీద ఇంటికొచ్చి మళ్ళీ పనిలోకి వెళ్తోంది. ఎక్కడికమ్మా అంటే "మామా ఇంటికి" అంది. అత్తారింటికి ఇంత దూరమా అనుకున్నాను. ఇళ్ళలో పనిచేసేవాళ్ళు యజమానురాలిని మామా అంటారని ఆవిడే చెప్పింది. నాలుగు గంటలూ బాగా కబుర్లాడి, వేరుశనగ ఉండలు పెట్టి, తీరా దిగేముందు ఫోన్ నంబరు రాసుకుంటానని నేను పుస్తకం తీస్తే మాత్రం గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. "రాయాకక్కా. కాగితం మింద పేరు పడితే మామాకి నచ్చదు" అంది.

నాకు చిన్నతనంగా అనిపించింది. నేనేమన్నా పోలీసునా అనుకుని మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. అప్పుడే ఆ మాట చెవికెక్కించుకుని ఉంటే బాగుండేది.

ఫహాహీల్

సంఘం కార్యదర్శి సత్తిబాబుగారిది అంబాజీపేట దగ్గర పల్లె. ఆయిలు కంపెనీ కాంట్రాక్టరు దగ్గర స్టోరుకీపరు, పదిహేనేళ్ళుగా ఫహాహీల్లో ఉంటున్నాడు. బుధవారం సాయంత్రం విమానాశ్రయానికి వచ్చి నా పెట్టె పట్టుకున్నవాడు ఇంటికి చేరేదాకా వదల్లేదు. ఆ రాత్రి చందువా చేపల పులుసు పెట్టాడు. అక్కడ దాన్ని జుబేది అంటారు. కిలో ఐదు దినార్లని చెప్తే మన రూపాయల్లోకి లెక్కేసి, ముల్లు కూడా వదలకుండా తిన్నాను. రొట్టెలు మాత్రం యాభై ఫిల్సులకి, అంటే దినారులో ఇరవయ్యో వంతుకి, దొంతరగా ఇస్తారు, మన మూడు చపాతీల పెట్టు ఒక్కొక్కటి. పులుసులో అద్దుకు తింటే అన్నం గుర్తు రాలేదు.

గురువారం పొద్దున్నే ఫైలు తెచ్చి పెట్టాడు. ఎర్రగుడ్డ అట్ట, ఫారానికొక రంగు చీటీ, ఇరవై ఆరు మంది వాలంటీర్ల ఫొటోలు. ఇన్నేళ్ళలో ఇంత శుభ్రమైన ఫైలు నేను చూడలేదు. ఆయన రాసింది రాసినట్టు చేసే రకం. ఒకటో ఫారానికి, రెండో ఫారానికి పూర్తి మార్కులు వేశాను. మూడో ఫారం దగ్గరికొచ్చాం.

మూడో ఫారం వాలంటీరు గురించి యజమాని అభిప్రాయం. ఈ మనిషి మీకు ఎన్నాళ్ళుగా తెలుసు, నమ్మదగిన మనిషేనా, అవును, కాదు. యజమాని టిక్కు పెట్టి సంతకం చేయాలి. ఉత్తరం వాలంటీరు చేతికి ఇవ్వకూడదు, నేరుగా యజమానికే పంపాలి. తప్పనిసరి. ఇవన్నీ నేను రాసినవే. మా కాకినాడలో వాలంటీర్లంటే రిటైరైన మేష్టార్లు, బ్యాంకు గుమాస్తాలు. మా సుబ్బారావుగారు ఆదివారం సేవ చేస్తున్నారా అని మేనేజరు మురిసిపోయి సంతకం పెడతాడు.

ఇరవై ఐదు సంతకాలున్నాయి. ఇరవై ఆరోది ఖాళీ. పేరు ఓబులమ్మ, పని సబా అల్ సలేంలో ఒక ఇంట్లో.

సత్తిబాబుగారు గొంతు సర్దుకుని చెప్పాడు. ఉత్తరం అరబ్బీలో రాయించి ఆదివారం ఆ ఇంటికి పంపారు. సోమవారం నుంచి ఓబులమ్మ ఫోను మోగడం లేదు. పక్కింటి డ్రైవరు చెప్పినదాన్ని బట్టి ఫోను మామా తీసేసుకుంది, మామా పెద్దకొడుకు మండిపడుతున్నాడు, అతనే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని. తన ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండే పర్మిట్టు మీద ఉన్న మనిషి ఇంకోచోట పనిచేస్తోందని పోలీసులకు తెలిస్తే తన మెడకి చుట్టుకుంటుందని అతని భయం. మంగళవారానికి టిక్కెట్టు తీసి ఇంటికి పంపించేస్తారట. తొమ్మిదేళ్ళుగా ఆవిడ శుక్రవారాలు ఎక్కడికి వెళ్తోందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ సంగతి మన ఉత్తరమే చెప్పింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇళ్ళలో పనిచేసే మనిషి యజమానికి ఉత్తరం రాస్తారా, బుద్ధి ఉండక్కర్లేదా అని గట్టిగానే అన్నాను. ఆయన ఎదురు చెప్పలేదు. ఫైలు చివర్నుంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. నెల క్రితం ఆయన నాకు పంపిన ఈమెయిలు. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకి కూడా మూడో ఫారం పంపాలాండీ అని అడిగాడు. కింద నా జవాబు ఒకటే ముక్క. మినహాయింపులు లేవు.

"మీరు రాసింది రాసినట్టు చేసేనండి" అన్నాడు.

ఆ రోజు ఏం తిన్నానో గుర్తు లేదు.

హవల్లీ

శుక్రవారం ఉదయం వాలంటీర్లంతా హవల్లీలో ఒక పంతులమ్మగారి ఫ్లాటులో కలుస్తారు. కింద సెల్‌ఫోన్ల కొట్లు, పైన బట్టలు ఆరేసిన బాల్కనీలు, మెట్ల మీదే నాలుగు భాషలు వినిపిస్తాయి. హాల్లో తివాచీ మీద అందరూ కూర్చున్నారు. కోనసీమవాళ్ళు ఒక పక్క ఆయ్, ఆయ్ అంటుంటే, కడపవాళ్ళు ఇంకో పక్క వాళ్ళ యాసలో మాట్లాడుకుంటున్నారు. గరాజుల్లో, కొట్లలో, హోటళ్ళలో పనిచేసేవాళ్ళు. వారానికి ఒక్కటే సెలవు, ఆ ఒక్కటీ ఇక్కడికి తెచ్చిపెట్టారు. మా ఊళ్ళో ఆదివారం రమ్మంటే వాలంటీర్లకి వెయ్యి పనులుంటాయి.

పులిహోర తిన్నాక నేను ఫారం ప్రకారం ప్రశ్నలు అడగాలి. సంఘం మిమ్మల్ని సరిగా చూసుకుంటోందా, మీకేమైనా ఇబ్బందులున్నాయా. అందరూ కిటికీ దగ్గర ఖాళీగా వదిలేసిన చోటు వైపే చూస్తున్నారు. అది ఓబులమ్మ కూర్చునే చోటని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

చివరికి వెనకనుంచి ఒకాయన, మెకానిక్కట, నా మొహం చూడకుండా అన్నాడు. "మా అక్కని పంపించేస్తే ఆ పత్రం మాకెందుకు మేడం?"

పంతులమ్మగారు ఊరుకోమని సైగ చేసింది. ఆయన తప్పేముంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మా అమ్మ అనేది, నేను వేసిన మందు అలాంటిదే.

మధ్యాహ్నం వాళ్ళతో ఆసుపత్రికి వెళ్ళాను. ఆడవాళ్ళ వార్డులో రమణమ్మ అని ఇరవై ఏడేళ్ళ పిల్ల ఉంది, కడుపులో గడ్డ, ఆదివారం ఆపరేషను. పంతులమ్మగారిని చూసి లేచి కూర్చుంది, ఆవిడ వెనక నన్ను చూసి మళ్ళీ పడుకుంది. ఓబులక్క రాలేదా అని అడిగింది. పని పడిందని చెప్పాం. "డాక్టరు జెప్పేది అక్కే సరిగ్గా జెప్తాది. దాచిపెట్టదు" అంది. పంతులమ్మగారు అరబ్బీ బాగా చదివిన మనిషి. అయినా రమణమ్మకు కావలసింది ఆ మాటలు తెలిసిన మనిషి కాదు. ఓబులమ్మ వచ్చీరాగానే జబ్బు గురించి అడగదట. మీ ఊరి పక్కన ఏ ఊరు, ఏటి మీద బ్రిడ్జి కట్టినారా అని మొదలుపెట్టి, జడ చిక్కు తీస్తూ అర్ధగంట గడిపి, అప్పుడు డాక్టరు మాట చెప్తుందట. నా ఏడు ఫారాల్లో ఆ పనికి మార్కులు వేసే గడి ఎక్కడా లేదు.

అక్కడే నిశ్చయించుకున్నాను. బయటికొచ్చి, రేపు ఆ ఇంటికి వెళ్దామన్నాను సత్తిబాబుగారితో. మనం వెళ్తే ఇంకా చెడుతుందండీ, మంగళవారం టిక్కెట్టు కాస్తా రేపే అవుతుందండీ అన్నాడు. ఆయన చెప్పింది తప్పని నాకూ అనిపించలేదు. కానీ చేసింది నేను, చూస్తూ కూర్చోలేను. ఆ రాత్రంతా ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

సబా అల్ సలేం

శనివారం పదిగంటలకి బయల్దేరితే దుమ్ము లేచింది. ఆకాశం పసుపు నీళ్ళ రంగుకి తిరిగింది. దుమ్ములో ఇంటి నంబర్లు కనపడక టాక్సీ డ్రైవరు మూడు వీధులు తిప్పాడు. ఒకసారి తప్పు ఇంటి గంట నొక్కాం, ఎవరో పెద్దమనిషి తలుపు తీసి, తిట్టడం మాని లోపలికి రండి, టీ తాగి వెళ్ళండి అన్నాడు. మామూలు రోజైతే ఆ ఆప్యాయత గురించి ఒక పేజీ రాసేదాన్ని.

అసలు ఇంటి దగ్గర ఇంకో చిక్కు. సత్తిబాబుగారు మగవాడు కాబట్టి గేటు పక్కన మగవాళ్ళు కూర్చునే దివానియాలో ఆపేశారు. నన్నొక్కదాన్నే లోపలికి పంపారు. నాకు అరబ్బీ ఒక్క ముక్క రాదు. వెనక్కి తిరిగి చూస్తే ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

లోపల మామా కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి, కాళ్ళ వాపు, పక్కన చేతికర్ర. ఒళ్ళో నా మూడో ఫారం. కాసేపటికి ఒకావిడ పళ్ళెంలో చిన్న కప్పులూ, పొడుగు మూతి కూజా తెచ్చింది. సన్నటి మనిషి, నలభై ఐదు ఉంటాయేమో, తలమీద గుడ్డ. కాఫీ పోస్తూ తల ఎత్తకుండా, "నేనేక్కా ఓబులమ్మ. మామా చెప్పేది నేనే మీకు తెలుగులో చెప్పాలంట" అంది.

విచారణ ఎవరి మీదో ఆ మనిషే దుబాసీ.

ఆ కాఫీ పచ్చగా, చేదుగా, యాలకుల వాసనతో ఉంది. తాగేసి కప్పు పెట్టగానే మళ్ళీ పోసింది. మళ్ళీ తాగాను, మళ్ళీ పోసింది. చాలనుకుంటే కప్పు అటూ ఇటూ ఊపాలట, అది తెలియక ఐదు కప్పులు తాగాను. పోసిన ప్రతిసారీ ఓబులమ్మ నా పక్కకి వంగి మామా అన్నది చెప్తూ వచ్చింది. తన సంగతి కానట్టే చెప్పింది.

మామా కోపం నేననుకున్నట్టు లేదు. ఇంకో ఇంట్లో పనిచేసినా ఇంత బాధ ఉండేది కాదట. తొమ్మిదేళ్ళు ప్రతి శుక్రవారం చెల్లెలి దగ్గరికి పోతానని ఓబులమ్మ అంటే, వట్టి చేతులతో వెళ్ళకూడదని తనే ఖర్జూరాలు కట్టించి పంపింది. పండగలకి ఆ చెల్లెలికి గుడ్డలు కొనిచ్చింది. ఆ చెల్లెలే లేదని ఒక కాగితం చెప్పాల్సి వచ్చింది. ఖర్జూరాలన్నీ వార్డుల్లో మంచాలకి పోయాయి. అదీగాక, రోగాల మధ్య కూర్చొచ్చిన చేతులతో తనకి ఇన్సులిన్ సూది వేసింది. చెప్పి ఉంటే చేతులు కడుక్కు రమ్మనేదాన్ని కదా అంది. ఈ మాటకి మాత్రం ఓబులమ్మ ఒక క్షణం ఆగి, కళ్ళు కొంగుతో ఒత్తుకుని, అప్పుడు తెలుగులో చెప్పింది.

తర్వాత మామా ఫారం నా ముందుకి చాపి, వేలు ఆ గడుల మీద పెట్టింది.

"నమ్మదగిన మనిషేనా అని మీరే అడిగినారంట. తొమ్మిదేండ్లు అబద్ధం చెప్పినదానికి ఏం రాయాల్నో మీరే చెప్పమంటాందక్కా."

నేను ఉన్నదంతా చెప్పేశాను. ఈ కాగితం రాసింది నేనే, ఇది మీ ఇంటికి రావలసింది కాదు, అడగకూడని ప్రశ్న అడిగాను, తప్పు నాదే, చింపేయండి అన్నాను. ఓబులమ్మ వింది. వినీ మామా వైపు తిరగలేదు.

"ఆ మాట నేను చెప్పనక్కా" అంది మెల్లగా. "చింపేస్తే నేను దొంగపని చేసినట్లే అయితాది. మామా చేత్తోనే ఏదో ఒకటి రాయనీండి."

తర్వాత తనే మామా కాళ్ళ దగ్గర కింద కూర్చుని మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది. ఏం చెప్తోందో నాకు తెలియదు. మామా మధ్యలో ఒకసారి కర్ర నేలకేసి కొట్టింది, ఇంకోసారి మొహం పక్కకి తిప్పుకుంది. నేను ఆ కప్పు పట్టుకుని కూర్చున్నాను. పాతికేళ్ళుగా పరిశీలకురాలినని చెప్పుకుంటున్న దాన్ని, నా ఎదురుగా జరుగుతున్నది ఒక్క ముక్క అర్థం కాలేదు.

చివరికి మామా కళ్ళజోడు అడిగింది. పెన్ను తీసుకుని ఒక గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసి, కాగితం నా ఒళ్ళోకి విసిరింది. అవును. ఊపిరి పీల్చుకునేలోపలే ఓబులమ్మ వైపు తిరిగి వేలు చూపిస్తూ రెండు ముక్కలు అంది. అందులో ఖలాస్ అన్నది ఒక్కటే నాకు తెలిసింది.

మిగతాది ఓబులమ్మే తెలుగులో చెప్పింది. కొడుకుతో మామా మాట్లాడుతుంది. టిక్కెట్టు రద్దు, ఇఖామా ఉంటుంది, పని ఉంటుంది. కానీ గేటు దాటి వెళ్ళడం ఇక లేదు. శుక్రవారం ఖలాస్.

వాకిలి దాకా సాగనంపడానికి ఓబులమ్మను వదిలారు. నాకు ఏడుపు ఆగలేదు, ఆవిడ చెయ్యి పట్టుకుని క్షమించమ్మా అన్నాను. మామాతో అంతసేపు ఏం చెప్పావని అడిగాను. ఎవరినీ సెలవడగకుండా చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ కాడికి పోయేది తన ఊరి అలవాటని, సెలవడిగి, మామా వద్దంటే మామా మాట మీరి పోవలసి వస్తాదని భయపడి అబద్ధం చెప్పినానని చెప్పిందట. ఇంట్లో ఉండటానికి నీకు సమ్మతమేనా అంటే, చిన్నోడి చదువు ఇంకా రెండేండ్లుందక్కా, సమ్మతం గాక ఏం జేస్తాను అంది.

"మీరు పత్రం మాత్రం ఇచ్చి పోండక్కా. ల్యాకుంటే రమణమ్మ కాడికి ఎవురూ పోలేరు. దానికి ఆపరేషనంటే శానా భయం."

లోపలినుంచి పిలుపు వచ్చింది. తలుపు మూసుకుంది.

మళ్ళీ ఫహాహీల్

ఆదివారం రమణమ్మ ఆపరేషను బాగా జరిగిందని మధ్యాహ్నానికి పంతులమ్మగారు ఫోను చేసింది. కళ్ళు తెరిచాక ఎవరిని అడిగిందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

సాయంత్రం మార్కులు కూడి చూశాను. ఇరవై ఆరింటికి ఇరవై ఆరు సంతకాలు. మూడో ఫారానికి కూడా పూర్తి మార్కులు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. పత్రం మీద ట్రస్టు ముద్ర వేసి ఇస్తే సత్తిబాబుగారు రెండు చేతులతో అందుకున్నాడు గానీ సంతోషంగా లేడు. బజారునుంచి తెచ్చిన మిఠాయి పొట్లం మూసే ఉంది. ఊరు వెళ్ళగానే ఆ తప్పనిసరి అన్న మాట కొట్టేయిస్తానని చెప్పాను, తర్వాత కొట్టేయించాను కూడా. చేతులు కాలాక ఆకులు.

ఇంకా ఒక పని మిగిలింది. ఏడో ఫారం, మానేసిన వాలంటీర్ల పట్టిక. ఎవరైనా మానేస్తే ఎందుకు మానేశారో రాయకుండా ఫైలు మూయకూడదు. సత్తిబాబుగారు పేరు రాశాడు, చేరి ఎన్నాళ్ళయిందో రాశాడు, కారణం దగ్గర పెన్ను ఆపాడు. నేను అచ్చువేయించిన జాబితాలో మూడే ఉన్నాయి. ఊరు మారడం, అనారోగ్యం, వ్యక్తిగత కారణాలు.

"ఇందులో ఏది వెయ్యమంటారండి?" అన్నాడు.

పట్టిక నా వైపు తిప్పుకుని, పెన్ను తీసుకుని, మూడింటినీ కొట్టేసి, పక్కన ఖాళీలో నేనే రాశాను. 'మా మూడో ఫారం వల్ల.'

ఆయన రెండుసార్లు చదివాడు. రేపు ఇంకో పరిశీలకుడు వచ్చి ఇది ఎవరు రాశారని అడిగితే ఏం చెప్పనండి అన్నాడు. దాని కింద నా పూర్తి పేరు రాసి సంతకం చేశాను.